ఎడమ పక్క మిషను

రెండు వేల ఆరు, ఆషాఢం, రెండో మంగళవారం, పొద్దున పదీ ఇరవై. గోడ గడియారం చూసి చెబుతున్నాను. గడియారం చూడడం నలభై రెండేళ్లకు నేర్చుకున్నాను, అక్షరాలతో పాటే. కాబట్టి టైము దగ్గర నాతో వాదన వద్దు.

మా ఆసుపత్రి మదనపల్లెలో. పుంగనూరులో ఒక బ్రాంచి, కుప్పంలో ఒకటి. నేను ఆయాగా చేరి, చదువు వచ్చాక రికార్డు రూముకు మారాను. కాగితాలు కంప్యూటరుకెక్కాక నన్నూ ఆ రూములోకే తోశారు. అక్కడ రెండు సర్వర్లు. ఒకటి పుంగనూరు బ్రాంచిలోని కంప్యూటరుకు అక్కడి రోగుల వివరాలు పంపిస్తుంది, రెండోది కుప్పానికి కుప్పం వాళ్లవి. బొమ్మలూ లేవు, మౌసూ లేదు. నల్ల తెర మీద అక్షరాలు కొట్టాలి. తప్పు కొడితే తిడుతుంది, ఒప్పు కొడితే ఏమీ అనదు. ఇంజనీరు కొట్టేవన్నీ చూసి నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ముదిరాక వచ్చిన చదువు, రాసుకోకపోతే నిలవదు.

ఆ రోజు ఇంజనీరు కుప్పంలో ఉన్నాడు. పుంగనూరు డాక్టరమ్మ ఫోను చేసింది. కాన్పు కష్టమైన ఒక అమ్మాయిని ఆపరేషనుకు పడుకోబెట్టారు. మొదటి కాన్పులో మత్తుమందు పడక ఆ పిల్ల చచ్చి బతికింది. ఏ మందో ఆ పిల్లకూ తెలియదు, వెంట వచ్చిన అత్తకూ తెలియదు. ఆ వివరం మా సర్వరులో ఉంది. సర్వరు పలకడం లేదు.

“బిడ్డ గుండె నిదానమైపోతాండాది. పది నిమిషాలు సూస్తా. ఆపైన తెలిసినా తెలీకపోయినా కోసేయాల్సిందే” అంది. ఆ ఫోను పెట్టేయకుండా బల్ల మీద ఉంచాను. మేనేజరు తన సెల్లులో ఇంజనీరును పిలిచి నా చెవి దగ్గర పట్టుకున్నాడు.

“అమ్మా, ఎడమ పక్క మిషను. స్టాప్ కొట్టు, మళ్లీ స్టార్ట్ కొట్టు. అంతే.”

“అంతే అయితే ఇంజనీరు నువ్వు యాలప్పా, నేను సాలనా?” అంటూనే ఎడమ పక్క దానిలో స్టాప్ కొట్టాను. అది ఏమీ అనలేదు. ఒప్పేననుకున్నాను.

అవతల కుప్పంలో గోల. “అమ్మా! ఈడ పోయింది! కుప్పానిది పోయింది! ఏం జేసినావు?”

“నువ్వు సెప్పిందే. ఎడమది ఆపినా.”

“ఎడమది పుంగనూరు కదమ్మా!”

రెండు రోజుల కిందట, ఆదివారం, మేనేజరు వాస్తు చూపించాడు. దక్షిణం చూస్తూ పని చేయకూడదని బల్ల తూర్పుకు తిప్పించాడు. నోటుబుక్కు చూసి సర్వర్లు ఆపిందీ, మళ్లీ నడిపిందీ నేనే. ఎక్కించేటప్పుడు ఎడమది కుడికి పోయింది. వాస్తు అంటే నవ్వుతాడని ఇంజనీరుకు చెప్పలేదు. తప్పు నాది.

“బల్ల తిప్పినామప్పా” అన్నాను.

“వాస్తుకా?”

“వాస్తుకే.”

మేనేజరు గోడ వైపు చూశాడు. సెల్లు మాత్రం నా చెవికే ఉంది.

“ఈడ వరండా నిండా జనం ఉండారమ్మా. ముందు కుప్పానిది లేపు.”

“వాళ్లు నిలబడుకోనుండారు, ఆ పిల్ల పడుకోనుండాది. ముందు పుంగనూరే.”

కుడి పక్క దాని ముందుకు జరిగాను. వేళ్లు ముందుకు రాలేదు. “మిషను పేరు మిషన్నే అడగల్ల. దానికేం కొట్టల్లో సెప్పు. నా బుక్కులో లేదు.”

“టైము లేదమ్మా!”

“అందుకే సెప్పమంటాండా.”

చెప్పాడు, కొట్టాను. పుంగనూరు అని తెర మీద పడింది. అప్పుడు స్టాప్ కొట్టాను. ఆగలేదు. స్టేటస్ అడిగితే ఇంకా నడుస్తున్నానంటుంది. అప్పటికి పదీ ఇరవై ఎనిమిది.

“మొండికేసింది. దాని నంబరు సూసి సంపేయల్ల. కిల్, పక్కన నంబరు.”

నంబర్లు చూపించేది అతను చెబితే కొట్టాను. తెర నిండా నంబర్లు. అతను చెప్పిన లైను మీద వేలు పెట్టి ఒక్కో అంకె చదివాను. ఇంకోసారి చదివాను. “కొట్టు తల్లీ” అన్నాడు. కొట్టాను. స్టేటస్ అడిగాను. చచ్చింది. స్టార్ట్ కొట్టాను. అక్షరాలు వరసగా దిగుతున్నాయి.

బల్ల మీది ఫోనులో డాక్టరమ్మ గొంతు వినిపించింది. “వచ్చింది!” మందు పేరు పైకి చదివింది. వెంటనే కేక: “మత్తు డాక్టరుగారూ, ఆగండి! మీ చేతిలోది అదే!”

ఆ కేక నాకిప్పటికీ వినిపిస్తుంది. సూదిలోకి ఎక్కించేశారన్నమాట.

తర్వాత కుప్పానిది లేపాను. పదకొండుకు ఫోను వచ్చింది, ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారని. కట్లు కట్టే ప్లాస్టరు ముక్కలు రెండు తెచ్చి, వాటి మీద పెద్దక్షరాలతో పుంగనూరు, కుప్పం అని రాసి సర్వర్లకు అంటించాను. మేనేజరు ప్లాస్టరు పట్టుకున్నాడు.

ఆ రోజు మదనపల్లెలో ఉన్నది నేనూ, మేనేజరూ. కుప్పంలో ఇంజనీరు, అతన్ని తిట్టిన వరండా జనం. పుంగనూరులో డాక్టరమ్మ, మత్తు డాక్టరు, బయట బెంచీ మీద ఆ అత్త, బల్ల మీద ఆ అమ్మాయి. పదీ ఇరవైకి లేకుండా పదకొండుకు ఉన్నది ఆమె కూతురు.