భాయ్ తిప్పి తగిలించిన ముఖచిత్రం

ఆ రోజుల్లో నేను అనుమానించని మనిషి తిరుపతిలో లేడు. హోటల్లో సాంబారు పలచగా ఉంటే నాకు మాత్రమే అట్లా పోశారని, బస్సులో కండక్టర్ గొంతు పెంచితే నన్ను చూసే పెంచాడని, ఆఫీసులో ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటే అది నా ఉద్యోగం గురించేనని అనుకునేవాణ్ణి. (గట్టిగా మాట్లాడుకుంటే, నన్ను మభ్యపెట్టడానికే గట్టిగా మాట్లాడుకుంటున్నారని అనుకునేవాణ్ణి.) అంత అనుమానం పెట్టుకుని కాపాడుకోవడానికి నా దగ్గర ఏముందయ్యా అంటే, ఒకే ఒక్క లైను ఉండేది. రైల్వే స్టేషన్ వెనక వీధిలో, ఇత్తడి సామాన్ల కొట్టు పైన, మూడు గదుల్లో నడిచే మహిళల మాసపత్రిక మాది. అందులో విషయసూచిక పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో 'ముఖచిత్రం' అని వేసి దాని పక్కన నా పేరు వేసేవాళ్ళు. చిత్తూరు కోర్టు ముందర టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టే మా నాయన, వచ్చినవాళ్ళకు ముందు ఆ పేజీ చూపించి, ఆ తర్వాతే వాళ్ళ గోడు వినేవాడు.

ముఖచిత్రం చేయడమంటే నా దృష్టిలో సామాన్యమైన పని కాదు. కొట్లో పత్రికలన్నీ తాడుకు క్లిప్పులు పెట్టి ఒకదాని మీద ఒకటి పడేట్టు తగిలిస్తారు కాబట్టి కుడివైపు సగం పక్క పత్రిక కింద దాక్కుంటుంది. అందువల్ల చెప్పాల్సిందంతా ఎడమవైపే చెప్పాలి. పేరు పైనే ఉండాలి. రంగు బస్సు కిటికీలోంచి కూడా కనబడాలి. అన్నిటికంటే ముఖ్యం, బొమ్మలో ఉన్న అమ్మాయి కళ్ళు కొనేవాళ్ళ కళ్ళలోకి చూడాలి. స్టూడియోవాళ్ళు పంపిన ఫోటోల్లోంచి నేను అట్లాంటి కళ్ళే ఏరుకునేవాణ్ణి. మల్లెపూలు, జుంకాలు, ఓరగా ఒక చిన్న నవ్వు. మా పాఠకురాలికి ముప్పై ఏళ్ళుంటాయని, ఇద్దరు పిల్లలుంటారని, ఆమెకు గులాబీరంగు ఇష్టమని కూడా నేనే తేల్చేశాను. (నాకు అప్పటికి తెలిసిన ముప్పై ఏళ్ళ ఆడవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ నన్ను బడిలో కొట్టిన టీచర్లు.)

వెనక అట్ట సంగతి వేరు. అది ప్రకటన కోసం ఖాళీగా ఉంచిన చోటు, ఆ ప్రకటన ఏ నెలా వచ్చేది కాదు. చివరి నిమిషంలో ఆ ఖాళీలో మా ప్రూఫులక్క ఒక ముగ్గు వేసి ఇచ్చేది. పుత్తూరు నుంచి రోజూ రైల్లో వచ్చే మనిషి, నలభై దాటి ఉంటాయి. చెవి పైన ఎర్ర పెన్ను దోపుకుని కూర్చుంటే పత్రికలో ఒక్క కామా కూడా ఆమెను తప్పించుకుని పోలేదు. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు అని కింద రాసి, పది నిమిషాల్లో ముగ్గు చేతిలో పెట్టేది. దానికి ఆమె పేరు వేసేది లేదు.

"అప్పా, గీత రవ్వంత లావు చెయ్యి. కొన్నోళ్ళకు చుక్కలు కనబడల్ల కదా" అని ప్రతి నెలా అడిగేది.

"వెనక అట్ట ఎవరు చూస్తారక్కా" అని ప్రతి నెలా అనేవాణ్ణి. అని ఊరుకోకుండా ముగ్గును ఇంకొంచెం చిన్నది చేసి, మిగిలిన చోటంతా తెల్లగా వదిలేసేవాణ్ణి. ఇవాళ వెనక అట్ట అడిగిన మనిషి రేపు ముందు అట్ట అడగదని ఏమిటి గ్యారంటీ అని నా అనుమానం.

ఇంతలో నా లైనుకే ముప్పు వచ్చింది. అమ్ముడుపోని కాపీలు నెల తిరిగేసరికి కట్టలు కట్టలుగా ఆఫీసుకు రావడం మొదలుపెట్టాయి. మెట్ల మీద, కిటికీ కింద, ఎటు చూసినా నేను ఏరిన కళ్ళే నావైపు చూస్తూ ఉండేవి. ఎడిటరు పెద్దసారు ఒకరోజు నన్ను పిలిచి, కోపం లేకుండానే చెప్పాడు.

"ఇంకొక్క సంచిక సూస్తానప్పా. అప్పుడూ కట్టలు ఇట్లనే తిరిగొస్తే అట్ట బొమ్మలు చెన్నైలో చేయించుకుంటాను. నువ్వు లోపల పేజీలు సూసుకో."

లోపల పేజీలు చూసుకునేవాళ్ళకు పేరు వేయరు. నాయన వచ్చినవాళ్ళకు ఏం చూపిస్తాడు అన్నదే నాకు మొదట తోచిన ఆలోచన. రెండో ఆలోచన, ఇది నా తప్పు కాదు, దీని వెనక ఎవరో ఉన్నారు అని.

ఆ ఎవరో ఆ వారాంతంలోనే దొరికాడు. చిత్తూరు పోదామని బస్టాండుకు వెళ్తే, కాణిపాకం బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న పుస్తకాల కొట్లో మా పత్రిక తాడుకు వెనక్కి తిరిగి వేలాడుతోంది. పక్క పత్రికల్లో అమ్మాయిలందరూ నవ్వుతూ లోకాన్ని చూస్తున్నారు. మా అమ్మాయి మాత్రం గోడను చూస్తోంది. జనానికి కనబడేది తెల్లటి అట్ట, దాని మధ్యలో నేను కుదించిన ముగ్గు. కొట్టు భాయ్‌ది. తెల్లగడ్డం, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. ఎక్కువ మాట్లాడడు అన్న ఒక్కటి చాలు నాకు. పక్క పత్రికవాళ్ళు భాయ్‌ని బుట్టలో వేసుకున్నారని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను. చిత్తూరు ప్రయాణం మానుకున్నాను.

రుజువు కోసం మర్నాటి నుంచి ఎదురు బెంచీ మీద నోటుబుక్కుతో కాపలా పెట్టాను. (ఆఫీసులో జ్వరమని చెప్పాను.) ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, తాడు దగ్గర ఆగేవాళ్ళు, ఏదో చూసేవాళ్ళు. భాయ్ వంగి బల్ల కింద నుంచి ఒక పుస్తకం తీసి ఇచ్చేవాడు. అది పక్క పత్రికే అనడంలో నాకు అనుమానమే లేదు. నేను లేచి దగ్గరికి వెళ్ళి చూసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది, కానీ గూఢచారులు లేచి వెళ్ళరని నా నమ్మకం. సాయంత్రాలు స్టేషన్ ముందున్న ఇంకో కొట్టుకు వెళ్ళి కూర్చునేవాణ్ణి. అక్కడ మా పత్రికను ధర్మంగా ముఖం కనబడేట్టు తగిలించేవాళ్ళు. జనం ఆగి ఆగి చూసేవాళ్ళు. ఆగిన ప్రతివాళ్ళకూ ఒక గీత గీసుకుంటూ పోతే పేజీ నిండిపోయింది. నా కళ్ళకు నీళ్ళొచ్చాయి. ఇంత మందిని ఆపే బొమ్మను ఆ పెద్దమనిషి గోడకేసి తిప్పాడే అని కడుపు మండిపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం బెంచీ మీద ఉండగా ఎవరో భుజం తట్టారు. చూస్తే కానిస్టేబుల్.

"ఏందప్పా, నాలుగు దినాలుగా ఈడే ఉండావంట. యా బస్సుకు?"

"ఏ బస్సుకూ కాదు సార్."

"బస్సు ఎక్కవు, దిగవు. ఆడోళ్ళు వస్తే మాత్రం బుక్కులో ఏందో రాసుకుంటా ఉండావంట. ఏది, ఇట్లీ."

ఇచ్చాను. ఆయన పైకే చదివాడు. 'పచ్చచీర, చంకలో పాప, ఆగింది. ముసలాయన కింద నుంచి తీసి ఇచ్చాడు. కళ్ళజోడు ఆమె, పెద్ద సంచి, తోడు ఎవరూ లేరు.' సంచులు కొట్టేసేవాడు కూడా ఇంత శ్రద్ధగా రాసుకోడేమో.

"ఏం పని చేస్తావు నువ్వు?"

"ముఖచిత్రాలు సార్."

"ఎవురి మొగాలు?"

నన్ను పట్టించింది ఎవరని అడిగితే, కొట్టువైపు గడ్డం ఎగరేశాడు. నేను భాయ్‌ని అనుమానిస్తున్న నాలుగు రోజులూ భాయ్ నన్ను అనుమానిస్తున్నాడన్నమాట. న్యాయంగా చూస్తే ఆయన అనుమానమే నాదానికంటే గట్టిది.

కానిస్టేబుల్ ఆఫీసుకు ఫోను చేస్తే పెద్దసారు స్కూటర్ మీద వచ్చాడు. జ్వరం ఏమైందని అడగకముందే నేను అందుకున్నాను. భాయ్ ద్రోహం చేస్తున్నాడు, పత్రికను తిప్పి తగిలిస్తున్నాడు, ఇతని ఏజెన్సీ తీసేయాలి, అప్పుడే నా బొమ్మకు న్యాయం అని ఒక్క గుక్కలో చెప్పేశాను. పెద్దసారు తల గోక్కున్నాడు.

"భాయ్ కాడినుంచి కట్ట తిరిగొచ్చింది నేనెన్నడూ సూళ్ళేదే" అని, "సరే, పద, అడుగుదాం" అన్నాడు.

ముగ్గురం వెళ్ళి కొట్టు ముందు నిలబడ్డాం. పెద్దసారు ఏమీ దాచకుండా నేను అన్నదంతా చెప్పాడు. భాయ్ నాకేసి చూసి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఈ బొమ్మ చేసేది నువ్వేనా బేటా? బాగా చేస్తావు. గమ్మున ఈ పక్కకొచ్చి నిలబడు, ఒకటి చూపిస్తా."

తాడు మీది కాపీని ముఖం బయటికి వచ్చేట్టు తిప్పి తగిలించాడు. కాసేపటికి కాణిపాకం బస్సు కోసం ఒక జంట వచ్చింది. భార్య పుస్తకాలవైపు చూస్తూ దగ్గరికొచ్చింది. భర్త కూడా చూశాడు. నేను ఏరిన కళ్ళు ఆయన కళ్ళలోకి సూటిగా చూశాయి. ఆయన చూస్తూ ఉండిపోయాడు. భార్య ఆయన్ని చూసింది, బొమ్మను చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. "బస్సొచ్చే టయిమయింది, రా" అని సంచి ఎత్తుకుని నడిచింది. బస్సు ఇంకా రాలేదు.

భాయ్ కాపీని మళ్ళీ వెనక్కి తిప్పాడు. రెండు నిమిషాలకు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె ముగ్గు మీద వేలు పెట్టి చుక్కలు చూసుకుంటూ, "సన్నంగా ఉండాది, ఇంటికిపొయ్యి సూసుకుందాంలే" అంది. రెండో ఆమె తలూపింది. భాయ్ వంగి బల్ల కింద నుంచి రెండు పుస్తకాలు తీసి ఇచ్చాడు. రెండూ మావే.

"పుస్తకం ఆడోళ్ళకు, బొమ్మ మొగోళ్ళకు చేస్తా ఉండావు బేటా" అన్నాడు భాయ్. "మొగోళ్ళు చూస్తారు, కొనరు. వాళ్ళు చూస్తా ఉంటే ఆడోళ్ళు కొనరు. అందుకే తిప్పినా. మీ పుస్తకం ఈడ ఏ నెలా మిగల్లేదు, ఎందుకు మిగల్లేదని ఒక్కరూ వచ్చి అడగలేదు."

పెద్దసారు నా నోటుబుక్కు తిరగేస్తూ స్టేషన్ కొట్టు పేజీ దగ్గర ఆగాడు. "ఇంతమంది ఆగినారు గదా. వీళ్ళల్లో ఆడోళ్ళెంతమంది?" గుర్తు తెచ్చుకున్నాను. ఒక రైల్వే పోర్టరు. గుండు కొట్టించుకుని కొండ దిగిన తమిళ భక్తులు ఒక గుంపు. టిఫిన్ క్యారియర్ పట్టుకున్న గుమాస్తా, రోజూ వచ్చి రోజూ ఆగేవాడు. అంతే. ఆడమనిషి ఒక్కరూ లేరు. కానిస్టేబుల్ బుక్కు తీసుకుని మరోసారి చూసి, "ఈయప్పను పిలుచుకోని పోండి సార్, ఏమీ తెల్దు పాపం" అని వెళ్ళిపోయాడు. ఏ కోర్టూ నా మీద అంత చెడ్డ తీర్పు ఇచ్చి ఉండదు.

ఆ రోజే పెద్దసారు తేల్చేశాడు. వచ్చే సంచికకు ముగ్గు ముందు అట్ట మీదికి రావాలి. అక్కను పిలిచి చెబితే, "ముందరికా, ఎందుకులే సార్" అని సిగ్గుపడి, సాయంత్రానికి ఇరవై ఒక్క చుక్కలది వేసి ఇచ్చింది. నేను గీత లావు చేశాను, ఎర్రమట్టి రంగు మీద తెల్లగా పరిచాను. నిజం చెప్పాలంటే, నా చేతిలోంచి వచ్చినవాటిలో అంత మంచి అట్ట అంతకుముందు లేదు. అయితే అది నాది కాదు. విషయసూచిక పేజీ పెట్టేది కూడా నేనే. 'ముఖచిత్రం' అని కొట్టి, పక్కన ఎవరి పేరు కొట్టాలా అని ఆగాను. అక్క పేరు కొడితే చిత్తూరులో నాయన ఆ పేజీ తెరిచి, తన కళ్ళను తానే నమ్మక మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటాడు. నా పేరు కొట్టాను. ఆ పేజీ ప్రూఫుకు పోయేది ఎవరి దగ్గరికి అంటే, అక్క దగ్గరికే.

ప్రూఫు తిరిగొచ్చింది. సంపాదకీయంలో రెండు ఒత్తులు దిద్దింది, ఒక చోట కామా తీసేసింది. అడుగున నా పేరు మీద పెన్ను ఆనించిన జాడ కూడా లేదు. ఇక నాకు అన్నం సహించలేదు. నేరుగా పెద్దసారుకే చెప్పబోతోంది, అందుకే ఇక్కడ గీత పెట్టలేదు అనుకున్నాను. పత్రిక అచ్చయింది. అన్ని కొట్లలోనూ చెల్లింది, కట్టలు రాలేదు. పెద్దసారు అక్క ఎదురుగానే నా భుజం తట్టాడు. ఆమె చెవి మీది పెన్ను తీసి తన ప్రూఫు తాను దిద్దుకుంది. అదును చూసి కొడుతుంది అనుకున్నాను. పది రోజులు కాచుకుని కాచుకుని, ఇక తట్టుకోలేక నేనే వెళ్ళి అడిగాను.

"అక్కా, విషయసూచికలో ఆ కింది లైను చూళ్ళేదా?"

"చూసినాను."

"దిద్దలేదే?"

ఆమె చదువుతున్న కాగితం మీంచి తల ఎత్తకుండానే చెప్పింది. "నీకది శానా అవసరమున్నట్టు ఉండాదప్పా. ఉంచుకోనీలే అనుకున్నాను."

ఆ మాటలో ఏదో మెలిక ఉండి తీరాలని నేను చాలా రోజులు తిప్పి తిప్పి చూశాను. దొరకలేదు. తర్వాతి నెల నుంచి ఆమె పేరే వేశాను, కానీ ఆ మొదటి సంచికలో పడిన అక్షరాలు అట్లాగే ఉండిపోయాయి. ఇప్పుడు పుస్తకాలకు అట్టలు చేసి బతుకుతున్నాను. ఫోనులో బొటనవేలి గోరంత కనబడే బొమ్మను ఎవరు చూస్తారో, చూసినవాళ్ళు కొంటారో లేదో అని తల బద్దలు కొట్టుకుంటూ ఉంటాను. అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్ళవాడు నోటుబుక్కు పట్టుకుని బెంచీ మీద కూర్చుని కళ్ళ ముందు కనబడతాడు. లేపి చెవి మెలేయాలని మొదట అనిపిస్తుంది. కాసేపు చూశాక, పోనీలే పాపం, ఆ ఒక్క లైను వాడికే ఉంచేద్దాం అనిపిస్తుంది.