కుంకుమ పడని మొహం

అల్లుడు అబద్ధమాడే మనిషి కాదని మా పెళ్లప్పుడు పాస్టరుగారు మా నాన్నకు మాటిచ్చారు. పాస్టర్లు కూడా ఒక్కోసారి తొందరపడతారు.

గుంటూరు వైపు నుంచి మేం హైదరాబాదు వచ్చింది ఎనభైల మొదట్లో. ఆయనకు సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. మా ఊళ్లో మా గురించి దుబాయ్ వెళ్లినవాళ్ల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. నాకూ అది పరదేశంలాగే ఉండేది. నేను "ఏంటి" అంటే కూరగాయల బండతను నవ్వేవాడు. పిల్లలు మాత్రం మాటలతో పాటే "గట్లనా", "జర ఆగు" అనడం నేర్చేశారు.

ఇల్లు దొరకడానికే తాతలు దిగొచ్చారు. అమీర్‌పేటలో ఏ గడప ఎక్కినా అద్దె సంగతి కంటే ముందు "మీరేమిట్లు?" అనేవారు. క్రిస్టియన్లమని చెప్పగానే, ఆ ఇంటికి అప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చేసి ఉండేవారు. ఆయన స్నేహితుడి ఒంటి గదిలో ఇద్దరు పిల్లలతో తలదాచుకున్నాం. ఒక సాయంత్రం ఆయన వానలో తడిసి వచ్చి, మేడ మీద వాటా దొరికిందన్నారు. ఇంటావిడ ఏమీ అడగలేదట. దేవతట. నేను రోజూ రాత్రి ప్రార్థనలో ఆ దేవతను తలుచుకునేదాన్ని.

నిజానికి ఆవిడ మంచిదే. మా వాడికి జ్వరమొస్తే రాగి జావ కాచి పైకి పంపేది. నన్ను బిడ్డా అనేది, పిల్లలు అమ్మమ్మా అనేవారు.

డిసెంబరు వస్తేనే నాకు ప్రాణం కొట్టుకునేది. మా వైపు పండగ నెల పుట్టగానే ప్రతి ఇంటి ముందూ కాగితం నక్షత్రం, అందులో బల్బు వేలాడతాయి. క్రిస్మస్ పాటలు పాడుతూ వచ్చేవాళ్లు ఆ నక్షత్రాన్ని చూసే ఇంటి ముందు ఆగుతారు. నక్షత్రం లేకపోతే ఆగరు. మొదటి ఏడాది ఆయన, కొత్త ఇల్లు, ఈసారికి వద్దన్నారు. రెండో ఏడాది వైరింగు పాతదన్నారు. పంజాగుట్ట నుంచి పాటలవాళ్లు మా సందు మొదటి దాకా వచ్చి, డప్పు వాయించుకుంటూ వెళ్లిపోయారు. పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు. మూడో ఏడాది నేను పట్టుబట్టి మాట తీసుకున్నాను. ఆయన వెదురు బద్దలు కట్టి, గాలిపటాల కాగితం అతికించి చక్కటి ఎర్ర నక్షత్రం చేశారు. పండగ ముందురోజు కడతానని బీరువా మీద పెట్టారు.

ఆ ముందురోజు మధ్యాహ్నం నేను అరిసెలు వత్తుతుంటే ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. చేతిలో స్టిక్కర్ బొట్ల అట్ట.

"పంజాగుట్ట పోయిన నాడు తెచ్చిన బిడ్డా. నీకు కుంకుమ పడదు, దద్దుర్లు లేస్తయని ఇల్లు తీస్కునేటప్పుడే మీ ఆయన చెప్పిండు గదా. గివి ఏం జెయ్యవంట. జర పెట్టుకొని చూడు. ముత్తైదువవు, మొగం బోసిగుంటే మనసున పడతలేదు."

మేం బొట్టు పెట్టుకోం. పెట్టుకోకపోవడానికి నా చర్మం ఎన్నడూ కారణం కాదు. నేను నోరు తెరిచేలోపే పక్కన పిండి ముద్దతో ఆడుకుంటున్న నా ఆరేళ్ల కూతురు అందుకుంది.

"అవునమ్మమ్మా. రక్తం కూడా వస్తుంది."

ఆవిడ అయ్యో అనుకుంటూ అట్ట నా చేతిలో పెట్టి దిగిపోయింది. నేను పిల్లని దగ్గరికి పిలిచి, ఇంకా ఏమేం చెప్పాలో అడిగాను. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పింది. ఆదివారం మేం వెళ్లేది సికింద్రాబాదులో పెదనాన్న ఇంటికి. సాయంత్రం పాటలు బడిలో నేర్పినవి. నల్ల అట్ట పుస్తకం నాన్న ఆఫీసుది. అమ్మకు తెలిస్తే ఏడుస్తుంది కాబట్టి అమ్మకు చెప్పకూడదు. నాలుగేళ్ల వాడు ప్రతిదానికీ తల ఊపుతున్నాడు. రక్తం ఒక్కటే నాన్న నేర్పలేదట, అది తన సొంతం.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా దేవుడూ పట్టుకున్నట్టు లేడు.

సాయంత్రం ఆయన సైకిలు దిగి పైకి రాగానే అడిగాను. ఆవిడ ఏమీ అడగలేదన్నారు కదా అన్నాను.

"అడిగింది. ఆ వానలో పిల్లల్ని మళ్లీ ఎక్కడికి తిప్పను? ఒక మాట అన్నాను. ఎవరికి నష్టం?"

నాకు లేని రోగం అంటగట్టినందుకు కాదు నా మంట. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ ఇంటి కోసం నేనే తలవంచి ఒప్పుకునేదాన్నేమో. నన్ను అడగలేదు. పాలపళ్లు ఊడని పిల్లల్ని నమ్మారు, నన్ను నమ్మలేదు. ఇంట్లో నలుగురం ఉంటే, నేనొక్కదాన్నే బయటి మనిషిని.

బీరువా మీది నక్షత్రం దించి, స్టూలెక్కి వరండాలో నేనే కట్టాను. స్విచ్చి వేశాను. కింద వాకిలంతా ఎర్రబడింది. తులసి కోట దగ్గర దీపం పెడుతున్న ఇంటావిడ తలెత్తింది.

"ఏంది బిడ్డా అది?"

నా కూతురు రెయిలింగు మీదికి వంగింది. "గాలిపటం అమ్మమ్మా. సంక్రాంతికి."

"కాదు పిన్నిగారూ," అన్నాను. "క్రిస్మస్ చుక్క. మేం క్రిస్టియన్లం. నాకు దద్దుర్లేం రావు."

ఆవిడ నా నుదుటి వైపు చూసింది. "గట్లయితే గట్లనే చెప్పకపోతిరా. ఇన్నొద్దులు నీ కోసం మొక్కుకున్న నేను," అని తలుపు వేసుకుంది. ఆవిడ మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. ఆ తర్వాత నన్ను బిడ్డా అనీ అనలేదు.

వెనక్కి తిరిగేసరికి వరండా చీకటిగా ఉంది. స్విచ్చి ఆర్పేసి, దానికి వీపు ఆనించి నిలబడింది నా కూతురు. కళ్ల నిండా నీళ్లు. ఎత్తుకోబోతే తోసేసింది.

"నాన్న నాకు నమ్మి చెప్పాడు. నువ్వు చెప్పేశావు," అంది.

నేను దాన్ని పక్కకు జరిపి దీపం వేశాను. కాసేపటికి పాటలవాళ్లు మొదటిసారి మా ఇంటి ముందు ఆగారు. చిన్నవాడు చప్పట్లు కొట్టాడు. అది మాత్రం వాళ్ల నాన్న ఒడిలో ముఖం దాచుకుని, పిలిచినా బయటికి రాలేదు.