రెండు చేతుల ఫౌల్

కామారెడ్డి కొత్తగా జిల్లా అయిన ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, జిల్లా మొత్తంలో రింగ్ టెన్నిస్ నాకన్నా బాగా ఆడే ఆడపిల్ల లేదు. రెండోది, యాభై దాటినవాళ్లు తమ ఆట గురించి చెప్పుకోగలరే గానీ ఆడలేరు. అప్పుడే ఉద్యోగం, అప్పుడే పెళ్లి. కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీని, మెట్టినిల్లు ఎల్లారెడ్డి. పొద్దున్నే బస్సులో నిలబడి పోయి, పిల్లల చేత డ్రిల్లు చేయించి, సాయంత్రం మళ్లీ నిలబడే తిరిగి వచ్చేదాన్ని. మెడలో ఈల ఉన్నంతసేపూ నేను పులిని. ఇంటి గడప దగ్గర ఈల తీసి సంచిలో వేసుకుని, చున్నీ సర్దుకుని, కొత్త కోడలినైపోయేదాన్ని. (ఆ మార్పు చూసి మా ఆయనే జడుసుకునేవాడు.)

పెళ్లికి ముందు మా అమ్మ నాకు ఇచ్చిన కోచింగ్ అంతా ఒక్క ముక్కలో ఉంది. "అత్త ఏదిచ్చినా రెండు చేతులతోని తీస్కో బిడ్డా. ఒంటి చేతితోని గుంజుకున్నవంటె మా పెంపకం పరువు పోతది" అంది. క్రీడాకారిణిని కదా, సాధన అంటే సాధనే. చాయ్ గ్లాసు, తాళంచెవి, కూరగాయల సంచి, ఆఖరికి టీవీ రిమోటు కూడా మా అత్త చేతినుంచి రెండు చేతులూ చాపే అందుకునేదాన్ని. కొన్ని నెలలకే అది ఒంట్లో ఇంకిపోయింది.

ఇంతకీ మా అత్తా, పక్క వీధిలో గాజుల దుకాణం నడిపే ఆమె దోస్తు ఖాలా (పిన్నీ అన్నట్టు అందరూ అలాగే పిలిచేవాళ్లు), బడిలో ఉన్నప్పుడు రింగ్ డబుల్స్‌లో ఛాంపియన్లట. వాళ్ల మీద గెలిచిన జంటే లేదట. ఈ 'అట'లన్నీ మా మామవి. ఎరువుల దుకాణంలో కూర్చుని, ఆ మాట వచ్చినప్పుడల్లా, "అవునట, మా ఆమె రింగు ఇసిరితె సీదా ఢిల్లీల పడేదట" అని నవ్వేవాడు. పదో తరగతి కాగానే అత్తకు పెళ్లి చేశారు. ఆ తర్వాత అత్త రింగ్ ముట్టలేదు, మామ ఆమె ఆట చూసిందీ లేదు. అత్త ఎదురు చెప్పేది కాదు. పప్పు మాత్రం ఆ పూట కాస్త గట్టిగా మెదిపేది.

ఆ ఏడు ఎల్లారెడ్డిలో వాళ్లు చదివిన ఆడపిల్లల బడి పాత విద్యార్థినులంతా కలుద్దామనుకున్నారు. అందులో ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్. నాటి ఛాంపియన్లు అత్తా ఖాలా. నేటి ఛాంపియన్లుగా పిలిచింది నన్నూ, మా బడి లెక్కల టీచరునూ. అత్తను నలుగురిలో ఓడించి, మళ్లీ ఆ అత్త వడ్డించిన అన్నం ఎలా తినడం? బాగా ఆలోచించి, మర్యాదగా ఓడిపోదామని లెక్కల టీచరుకు ఫోన్‌లో గుసగుసగా చెబుతున్నాను. వెనక్కి తిరిగితే అత్త.

"ఏం పిల్లా, నా మీద దయ చూపిస్తున్నవా? గట్ల ఓడిపోయినట్టు చేసినవనుకో, నీ చేతి చాయ్ ముట్ట. మంచిగ ఆడు" అంది. మళ్లీ మెల్లగా, "మీ మామ ఒక్కపారి చూడాలె. నా ఆట గాయన కండ్లతోని చూడాలె. గెలుసుడు సంగతి నేను చూస్కుంట" అంది. ఇన్నాళ్లూ ఆమె నవ్వి ఊరుకుంటోందనుకున్నాను నేను. మామ మాత్రం, "సీజన్ల దుకాణం బందువెట్టి రింగులు చూడాల్నా?" అని తేల్చేశాడు.

ఆ రోజు గ్రౌండ్ నిండిపోయింది. అత్త కొంగు నడుముకు బిగించి, మా ఆయన పాత బూట్లు తొడుక్కుని వచ్చింది. ఖాలా బుర్ఖా మడిచి కుర్చీ మీద పెట్టి, దుపట్టా తలకు చుట్టి పిన్నులు పెట్టుకుంటూ, "యా అల్లా, గీ మోకాళ్లను ఆట అయ్యేదాంక సల్లగ ఉంచు, తర్వాత నీ ఇష్టం" అని మొక్కుకుంది. అంపైరు, వాళ్లకు ఆట నేర్పిన డ్రిల్లు సారు. నేను నెట్ కింద నుంచి వంగి అత్త కాళ్లకు దండం పెట్టాను. జనం చప్పట్లు కొట్టారు. "సల్లగుండు బిడ్డా" అని దీవించి, వెనక్కి వెళ్లి అత్త సర్వీస్ చేసింది.

అత్త చేతినుంచి ఏదో నా వైపు వస్తోంది. నా ఒంటికి అంతే అర్థమైంది. రెండు చేతులూ వాటంతటవే ముందుకు చాపుకున్నాయి. ప్రసాదం అందుకున్నట్టు రింగ్‌ను చక్కగా అందుకున్నాను. (కాస్త తల కూడా వంచానని లెక్కల టీచరు ఇప్పటికీ అంటుంది.) డ్రిల్లు సారు ఈల ఊదాడు. "రెండు చేతులు! ఫౌల్!" రింగ్ ఒంటి చేత్తోనే పట్టాలని రోజూ పిల్లలకు అరిచి చెప్పేది నేనే. అయినా రెండో సర్వీస్‌కూ అదే పని చేశాను. మూడోదానికీ అంతే. జనం పొట్టలు పట్టుకుంటున్నారు. "మేడమ్, ఎడమ చెయ్యి దాచుకోండి!" అని లెక్కల టీచరు గగ్గోలు పెట్టింది. చివరికి ఎడమ చేత్తో చున్నీ ముడి గట్టిగా పట్టుకుని, అప్పుడు మొదలుపెట్టాను అసలు ఆట.

చెయ్యి దారికొచ్చింది కదా, ఇక చూడండనుకున్నాను. చూసింది నేనే. అత్త పెద్దగా పరుగెత్తేది కాదు. నేను ఎటు లేనో అటు వేసేది. నేను అటు పోయేలోపు ఖాలా ఇటు వేసేది. అయినా ఒళ్లు దాచుకోకుండా ఆడాం, దగ్గర దగ్గరగా వచ్చాం. అంతలో గేటు దగ్గర మామ కనిపించాడు, చేతిలో దుకాణం తాళాలతో. అత్త కూడా చూసింది. అంతే, ఆమె వేసిన రింగ్ నెట్‌కు తగిలి పడింది. తర్వాతదీ నెట్‌కే. ఆటలో మేము ముందుకు పోయాం. నాకు సంతోషం కలగలేదు. అప్పుడు ఖాలా గట్టిగా అరిచింది: "దోస్త్! ఆయనను ఇంటికి పోయినంక చూడు. ఇప్పుడు రింగును చూడు!"

అత్త చెమట తుడుచుకుంది. ఆ తర్వాత మాకు ఊపిరి ఆడనివ్వలేదు. ఆఖరి రింగ్ మూల మీదికి వస్తుంటే, ఉన్న బలమంతా పెట్టి ఎగిరాను. వేళ్లకు తగిలి కింద పడింది. నిజంగా, నిఖార్సుగా ఓడిపోయాను.

గ్రౌండ్ దద్దరిల్లింది. మామ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. పక్కనెవరో, "గా బూట్లేస్కున్నామె ఎవరు?" అని అడిగారు. "మా ఇంటామె!" అన్నాడు మామ, మైకు అక్కర్లేని గొంతుతో. అడగనివాళ్లకు కూడా తిరిగి తిరిగి చెప్పాడు. అత్త గ్రౌండ్ మధ్యలో చతికిలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వుతోంది. "ఇన్నవా పిల్లా?" అంది. "ఇన్న అత్తమ్మా" అన్నాను, నేనూ ఏడుస్తూ.

ఇప్పుడు చలికాలం వస్తే నా భుజమూ మూలుగుతుంది. నెట్ అవతల నిలబడిన ఆ పొగరుబోతు పిల్ల, అప్పటి నేను, గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. పెద్దవాళ్లకు ఒక గెలుపు దానం చేద్దామని ఎంత బుద్ధిగా బయలుదేరిందో! ఆ రోజుకి మళ్లీ పోగలిగితే, దాన్ని ఏమీ ఆపను. జనంలో మామ పక్కన కుర్చీ వేసుకుని, అది ఓడిపోతుంటే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడతాను.