వ్యతిరేకం డాక్టరు గారు

మా ఊరి డాక్టర్ల సంఘంలో ఎవరు ఏ తీర్మానం పెట్టినా ఒక చెయ్యి ఠక్కున లేచేది. ఆ చెయ్యి పిల్లల డాక్టరు గారిది. చెయ్యి వెనకే మాట వచ్చేది: "వ్యతిరేకం!"

మీటింగు హాల్లో కొత్త ఫ్యాన్లు వేయిద్దామంటే, చెమట తుడుచుకుంటున్న రుమాలు పట్టుకునే చెయ్యెత్తారు. కాసేపు ఆపి టీ తాగుదామంటే అదీ వ్యతిరేకమే. టీ వచ్చాక మాత్రం రెండు కప్పులు తాగేవారు.

ఒకసారి ఆయనకే సన్మానం చేద్దామని తీర్మానం పెట్టాం. చెయ్యి లేచింది.

"సార్, ఇది మీ సన్మానమండీ!" అన్నారు అధ్యక్షుడు గారు.

"వినపడిందయ్యా. వ్యతిరేకం."

"కారణం?"

"కారణం ఏముంది? అందరూ ఔనంటున్నారుగా!"

ముప్పై ఒక్క ఓట్లతో ఆ సన్మానం నెగ్గింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ముందు వరసలో కూర్చుని, శాలువా బాగుందని మెచ్చుకుని మరీ వెళ్లారు.

సంతకం కోసం ఓసారి వాళ్లింటికి వెళ్లి, "అక్కయ్య గారూ, ఇంట్లో ఎలా భరిస్తున్నారండీ?" అని ఆయన భార్యను అడిగాను.

ఆవిడ ఆశ్చర్యపోయారు. "ఈయనా? ఇంట్లో ఈయన నోట 'సరే' తప్ప ఇంకో మాట విన్నదెప్పుడు? నిన్న కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయానన్నా సరే అన్నారు."

ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించాల్సింది. నవ్వేసి వచ్చేశాను.

నేను కళ్ల డాక్టర్ని. కార్యదర్శినయ్యాక నాకు ఈయనతో తలనొప్పి మొదలైంది. మా పాత నియమావళిలో పెద్ద విషయాలకు హాజరైన వాళ్లందరూ ఒప్పుకోవాలని ఉంది. సంఘాన్ని ఇరుకు మేడమీద నుంచి కొత్త భవనంలోకి మార్చాలన్నా అంతే, ఒక సభ్యుణ్ణి తొలగించాలన్నా అంతే. ఈయన చెయ్యి పుణ్యమా అని భవనం సంగతి నాలుగేళ్లు కదల్లేదు. అయితే నియమావళిని మార్చడానికి సగం మంది చాలు. అక్కడ కూడా అందరూ కావాలని రాయడం పెద్దలు మర్చిపోయారు. నేను ఆ సందు కనిపెట్టాను. ఇకనుంచి దేనికైనా ముప్పాతిక మంది చాలునని సవరణ రాశాను.

ఆయన యథాప్రకారం చెయ్యెత్తారు. ఆ రోజు చెయ్యి దించడం కాస్త ఆలస్యమైంది. ఎవరం పట్టించుకోలేదు. సవరణ నెగ్గింది, నాకు చప్పట్లు కొట్టారు.

ఎనిమిది నెలల తర్వాత ప్రసూతి డాక్టరమ్మ మీద ఫిర్యాదు వచ్చింది. ఊళ్లో పేరున్న సర్జన్ ఒకావిడకు గర్భసంచి తీసెయ్యాలన్నాడు. డాక్టరమ్మ ఆ రోగితో, "అవసరం లేదమ్మా, మందులతో తగ్గుతుంది" అంది. రోగి ముందు తోటి డాక్టర్ని తక్కువ చెయ్యకూడదనేది మా నియమం. సభ్యత్వం తీసెయ్యాలని తీర్మానం వచ్చింది. సభ్యులు కాని వాళ్లకు ఊళ్లో ఏ ఆసుపత్రీ ఆపరేషన్ గది ఇవ్వదు. అంటే ఊరు వదిలి పొమ్మనడమే.

చెయ్యి లేచింది. ఎప్పుడూ లేనిది, ఆయన కూడా లేచి నిలబడ్డారు.

"ఆ అమ్మాయి చెప్పింది తప్పో ఒప్పో ఒక్కరైనా చూశారా?"

వెనక ఎవరో, "సార్‌ది మామూలేగా!" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఓట్లు లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిదికి ఒకటి.

డాక్టరమ్మ బోర్డు దించుకుని, బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న చిన్న ఊరికి వెళ్లిపోయింది. ఆర్నెల్లకు ఆ రోగి మందులతోనే కోలుకుంది. ఈ సంగతి మేం ఒకరి దగ్గర ఒకరం ఎత్తలేదు. అప్పటినుంచి పిల్లల డాక్టరు గారు గురువారం మీటింగులకు రావడం మానేశారు. అలిగారనుకున్నాం. పనులు చకచకా సాగుతున్నాయని సంతోషించాం కూడా.

కొత్త భవనానికి సామాను మారుస్తున్నప్పుడు పాత మినిట్స్ పుస్తకాలు నా చేతికొచ్చాయి. నా సవరణకు ముందు ఇరవై ఏళ్లలో ఏడుగురిని తొలగించాలని తీర్మానాలు వచ్చాయి. ఏడూ ఒకే ఒక్క వ్యతిరేక ఓటుతో వీగిపోయాయి. ఏడింట్లోనూ ఆ ఓటు ఒకరిదే.

నాలుగోది నా మీద పెట్టింది. కుర్రతనంలో ఒక సీనియర్ని రోగుల ముందు, "ముందు మీ కళ్లు పరీక్ష చేయించుకోండి" అన్నాను. ఫిర్యాదు ఎవరి మీదో వాళ్లను బయట కూర్చోబెట్టేవారు. తీర్మానం వీగిపోయిందని చెబితే, నా నిజాయితీ చూసి అందరూ నా పక్షాన నిలిచారనుకున్నాను. పన్నెండేళ్లు అలాగే అనుకుంటూ తిరిగాను.

ఆ పేజీలు మీటింగులో చదివి వినిపించాక పాత నియమాన్ని తిరిగి తెచ్చాం. డాక్టరమ్మకు క్షమాపణ చెబుతూ, తిరిగి రమ్మని ఉత్తరం రాశాం. ఉత్తరం పట్టుకుని గురువారం బస్సెక్కాను.

ఆమె క్లినిక్ రెండే గదులు. రెండో గది తలుపు తీసి ఉంది. లోపల పిల్లల డాక్టరు గారు ఒక చంటిపిల్ల నోరు తెరిపించడానికి తన నోరు బార్లా తెరిచి కూర్చున్నారు.

"మీరా సార్! ఇక్కడా?"

"గురువారాలు ఇక్కడేనయ్యా. అమ్మాయి కాన్పులు చేస్తుంది, నేను పిల్లల్ని చూస్తాను."

"అన్ని తీర్మానాలూ ఎందుకు కాదన్నారు సార్? ఆ ఏడూ కాదంటే సరిపోయేది కదా?"

"అప్పుడు నేను ఫలానా వాడి మనిషినయ్యేవాణ్ణి. అవతలివాళ్లు ఊరుకుంటారా? వీడికి పిచ్చి, అన్నిటికీ ఇంతే అనుకుంటే ఎవరికీ కోపం రాదు." చంటిపిల్ల గొంతులోకి టార్చి వేస్తూ, "మీ భవనం నాలుగేళ్లు ఆగిపోయింది. ఆ ఒక్కదానికి ఏమనుకోకు" అన్నారు.

ఆ సవరణ రాసింది నేను. ఆయన అడిగిన ఒక్క ప్రశ్నకు నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను.

డాక్టరమ్మ వచ్చింది. ఉత్తరం చదివి మడిచింది.

"నేను రానండీ. ఇక్కడ నాకోసం వచ్చేవాళ్లున్నారు."

"కనీసం నా తరఫున ఒక మాట…"

"మీరు కళ్ల డాక్టరు కదూ? బయట బెంచీ మీద పదకొండు మంది ఉన్నారు, చూపు ఆనడం లేదని. ఈ ఊళ్లో కళ్లు చూసే దిక్కు లేదు. మాటలు తర్వాత మాట్లాడుకుందాం, కానివ్వండి."

పదకొండు మంది పద్నాలుగు మందయ్యారు. ఆఖరి ముసలమ్మను చూసేసరికి బస్సు హారన్ కొడుతోంది. పరుగెత్తి ఎక్కాను. సగం దారి వచ్చాక గుర్తొచ్చింది, ఆమెతో ఆ మాట అననే లేదని.

అది చెప్పడానికని మళ్లీ గురువారం వెళ్లాను. ఆ రోజు ఇరవై మంది ఉన్నారు.