తోడికోడలి ఓటు

2013 జూలై 27, శనివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా ఊరి బడి ముందు ఓటు వరుసలో నిలబడ్డాను. నా ముందు ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు ఉన్నారు. పంచాయతీ ఎన్నికల్లో పోలింగు మధ్యాహ్నం ఒంటిగంటకే ఆపేస్తారు, రెండింటికి లెక్క మొదలుపెడతారు. అందుకని పెందరాళే బయలుదేరాను. నాకప్పుడు డెబ్బై ఒకటి. పంచాయతీకి అంతకుముందు ఏడుసార్లు ఓటు వేశాను, ఒక్కటీ తప్పలేదు. అది ఎనిమిదోది.

ఊరి పాల కేంద్రంలో ఇరవై రెండేళ్ళు పాలు కొలిచి పుస్తకం రాశాను. తేదీ, పూట, లీటర్లు. కేంద్రం మూతపడ్డా ఆ అలవాటు నన్ను వదల్లేదు. ఆనాటి గంటలూ నిమిషాలూ ఇక్కడ రాయగలుగుతున్నానంటే అందువల్లే.

నా ఓటరు కార్డులో పేరు నాదే. భర్త పేరు సరిగా ఉంది. ఇంటి నంబరూ సరే. ఫోటో మాత్రం ఎవరో పాతికేళ్ళ పిల్లది. గుండ్రటి ముఖం, ముక్కుకి రెండు వైపులా పుడకలు. ఏ ఊరి పిల్లో నాకు ఇప్పటికీ తెలియదు. దిద్దమని రెండుసార్లు ఫారం పెట్టాను, రెండు రసీదులూ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. కార్డు మారలేదు. బల్ల మీద పోలింగు అధికారులు పెట్టుకునే జాబితాలో కూడా ఆ పిల్లే. అయినా నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. అధికారులు ఫోటో వైపు చూసేవారు కాదు, ఏజెంట్ల వైపు చూసేవారు. ఏజెంట్లు తలూపితే వేలికి సిరా పెట్టేవారు.

ఆరోజు కూర్చున్న అధికారి వేరే మండలం నుంచి వచ్చినాయన. ఎనిమిదీ ఐదుకి నా వంతు వచ్చింది. కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

“ఇది మీరు కాదు కదమ్మా.”

“ఫోటో నాది కాదు బాబూ. పేరు నాదే.”

గోడ వారన బెంచీ మీద ఏజెంట్లు నవ్వారు. వాళ్ళలో ఒకడు మా వీధివాడే, ఆటో నడుపుతాడు, నన్ను పెద్దమ్మా అని పిలుస్తాడు. “పెద్దమ్మా, ఆ బొమ్మలో పిల్లెవులో సెప్పు, మా తమ్ముడికి సేసుకుంటాం” అన్నాడు. వరుసలో ఉన్న ఆడవాళ్ళు కూడా నవ్వారు.

అధికారి నవ్వలేదు. “ఏజెంట్లకు మీరు తెలిస్తే సరిపోదమ్మా. మీ ఫోటో ఉన్న కాగితం ఏదైనా చూపించండి” అని గోడకు అంటించిన జాబితా వేలితో చూపిస్తూ చదివాడు. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఉద్యోగుల కార్డు. అవేవీ నాకు లేవు. ఆధార్‌కి ఫిబ్రవరిలో ఫోటో దిగాను, కార్డు ఇంకా రాలేదు. పోస్టాఫీసు పుస్తకంలో ఫోటో ఉండదు. జాబితాలో కిందెక్కడో ఫోటో ఉన్న రేషన్ కార్డు అని ఉంది. అది ఇంటి పెద్ద పేరున ఉంటే ఆ పెద్ద కూడా వెంట వచ్చి, ఈమె మా ఇంటి మనిషే అని చెప్పాలి.

రేషన్ కార్డు ఉంది. కానీ అది మా తోడికోడలి పేరున, ఆమె ఇంట్లో ఉంది. 2006లో అందరం ఒక్క ఇంట్లో ఉన్నప్పుడు దిగిన ఫోటో దాని మీద ఉంది. నా భర్త, మరిది, మేమిద్దరం. మరుసటి సంవత్సరం మే 19న, గట్టు మీది పనసచెట్టు నన్ను అడక్కుండా కొట్టించిందని నేను నానా మాటలూ అన్నాను. ఇల్లు రెండయింది. మాటలు ఆగిపోయాయి. కార్డు మాత్రం రెండు కాలేదు. తర్వాత మగవాళ్ళిద్దరూ రెండేళ్ళ తేడాలో పోయారు, కార్డు ఆమె పేరున మారింది. నెలనెలా ఆమె డిపో నుంచి బియ్యం తెచ్చి, నా వాటా నాలుగు కిలోలు నా అరుగు మీద పెట్టి, పిలవకుండా వెళ్ళిపోయేది. అప్పటికి డెబ్బై నాలుగు నెలలు. ప్రతిసారీ తూచాను. ఒక్కసారీ తక్కువ రాలేదు.

అవి ఉభాల రోజులు, అంటే వరినాట్లు. ఇదంతా ఆ అధికారికి చెప్పలేదు. బల్ల ముందు నిలబడి, అందరూ వింటుండగా, చెప్పింది ఒక్క మాటే.

“కార్డు మా తోడికోడలి కాడ ఉన్నాది బాబూ. ఆవిడ ఉభాల్లో ఉన్నాది. ఈరోజు రాదు.”

“అయితే నేనేం చెయ్యలేనమ్మా. పక్కకు రండి.”

బయటికి వచ్చి మెట్టు మీద కాసేపు కూర్చున్నాను. ఇంటికి పోయి పడుకోవచ్చు. ఆ ఒక్క ఓటుకు పంచాయతీ తారుమారవదని నాకు తెలుసు. కానీ కార్డులో ముఖం నాది కాదు, జాబితాలో ముఖం నాది కాదు. ఈసారి ఓటు కూడా వెయ్యకపోతే, నేనంటూ ఉన్నట్టు ఆ కాగితాల్లో మిగిలేది ఆ పిల్లే. ఎనిమిదీ నలభైకి లేచి పొలం దారి పట్టాను.

ఉభాల మడుల దాకా మైలుంటుంది. మోకాళ్ళు సహకరించక నలభై నిమిషాలు పట్టింది. ఆమె మడిలో వంగి నాట్లు ఊడుస్తోంది, పక్కన ముగ్గురు కూలి ఆడవాళ్ళు. గట్టు మీద నారు కట్టలు ఇంకా ముప్పై పైనే ఉన్నాయి. తొమ్మిదీ ఇరవైకి, ఆరేళ్ళ రెండు నెలల ఎనిమిది రోజుల తర్వాత, ఆమెతో మొదటి మాట అన్నాను.

“రేషన్ కార్డు కావాలి.”

ఆమె తలెత్తలేదు. “ఒలమ్మో, అప్పకి నోరున్నాదే! పడిపోనాదనుకున్నాను.” కూలి ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు.

“కార్డొక్కటే సాలదట. నువ్వు కూడా రావాలట. ఇంటి పెద్దవి నువ్వేనట.”

“ఇన్నేళ్ళకి తెలిసినాదేటి, పెద్దెవులో?”

ఆమె నడుం ఎత్తి నన్ను చూసింది. “ఆరుగురు రావాల్సినోళ్ళు ముగ్గురే వొచ్చినారు. మిగిలినోళ్ళని పొద్దున్నే ఆటోల్లో ఎక్కించుకుపోనారు, ఓటుకని. ఇది నిన్న తీసిన నారు. ఈ మడి అవకుండా నాను కదల్లేను. నాకూ ఓటున్నాది, అయినాక ఎల్దామనే అనుకున్నాను.”

“ఒంటిగంటకి కట్టేస్తారు.”

“మరి గట్టు మీద కూకుంటే మడి అవుతాదా? దిగు.”

చీర మోకాళ్ళ పైకి దోపి దిగాను. పదకొండేళ్ళయింది నేను నాటు వేసి. చేతికి వరస గుర్తుంది, నడుముకే లేదు. ఆమె రెండు కట్టలు నాటేలోగా నేను అరకట్ట నాటాను. మధ్యలో, నా వైపు చూడకుండానే అడిగింది.

“బియ్యంలో నూకలెక్కువొస్తన్నాయి కదా?”

“సెరిగి వొండుకుంటన్నాను.”

“నాకూ అలగే వొస్తన్నాయి. నీకేదో నూకలేరి పెడతన్నాననుకున్నావేమోనని.”

“తూకం సూసినాను గాని, నూకలు లెక్కెట్టలేదులే.”

ఆమె నవ్వింది. కూలి ఆడవాళ్ళూ నవ్వారు. ఆ తర్వాత నా మోకాళ్ళ సంగతి అడిగింది, తన రక్తపోటు మాత్రల సంగతి చెప్పింది. పనసచెట్టు సంగతి ఇద్దరం ఎత్తలేదు. పదకొండూ యాభైకి మడి అయింది. చివర ఒక్క కట్ట మిగిలితే, “పోన్లే, నీ ఓటు కన్నా ఎక్కువేటి” అని దాన్ని గట్టు మీదే వదిలేసింది.

ఆమె ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాం. బియ్యం డబ్బాలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో కార్డు. ఫోటోలో నలుగురం ఉన్నాం, ఆమె భుజం నా భుజానికి తగులుతోంది. పన్నెండూ నలభై ఐదుకి బడి దగ్గరికి చేరాం. వరుసలో ముగ్గురే మిగిలారు.

అధికారి కార్డు తీసుకుని ఫోటో మీద వేలు పెట్టాడు. “ఈవిడ మీకేమవుతారు?”

“మా తోడికోడలు. నా పక్కన కూకున్నది ఆవిడే. పెద్దది. ముందు ఆవిడ పని కానియ్యండి బాబూ, నిలబడలేదు.”

నా వేలికి సిరా పెట్టారు. రెండు కాగితాలు ఇచ్చారు, ఒకటి సర్పంచికి, ఒకటి వార్డుకి. ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేశాను. పన్నెండూ యాభై మూడు. ఎనిమిదో ఓటు పడింది.

వెనక్కి తిరిగేసరికి ఆమె బల్ల ముందు నిలబడి ఉంది. అధికారి జాబితా మీద వంగి ఉన్నాడు.

“మీ ఓటు పడిపోయిందమ్మా.”

“ఎలాగ పడతాది? నానిప్పుడే కదా వొచ్చినాను.”

ఆయన కాగితం తిప్పి చూపించాడు. ఆమె పేరుకు ఎదురుగా వేలిముద్ర ఉంది. మా తోడికోడలు సంతకం చేస్తుంది, ఎంత చిన్న కాగితమైనా సంతకమే చేస్తుంది. “పదీ పదకొండు మధ్య బాగా రద్దీగా ఉండిందమ్మా” అని గొణిగాడు ఆయన. పొద్దున్న నా కార్డును రెండుసార్లు, నా ముఖాన్ని ఒకసారి చూసిన మనిషి.

ఆమె బెంచీ వైపు తిరిగింది. “నా ఓటు ఎవులేసినార్రా? నాను రానని మీకెవులు సెప్పినారు?”

ఆటో నడిపేవాడు నేల చూశాడు. “నానేటి సేసినాను పిన్నీ? ఉభాల్లో ఉన్నాది, ఈరోజు రాదు అని పొద్దున్న పెద్దమ్మే సెప్పింది. ఇక్కడున్నోళ్ళందరూ ఇన్నారు.”

ఆమె నన్ను చూసింది.

“అన్నావా అప్పా?”

“అన్నాను.”

అడక్కుండానే అన్నానని కూడా ఒప్పుకోవాలి. ఆమె వస్తుందో రాదో నాకు తెలియదు. ఉభాల్లో ఉన్నదని మాత్రమే తెలుసు. కార్డు తేలేనని చెబితే సరిపోయేది. రాదు అన్నది నా సొంత మాట.

అధికారి ఆమెకు వేరే కాగితాలు ఇచ్చాడు. టెండరు ఓటు అంటారట. ముద్ర వేశాక అది పెట్టెలో పడదు, ఒక కవర్లో పెట్టి అంటిస్తారు. “ఇది లెక్కలోకొస్తాదా బాబూ?” అని అడిగింది. “రాదమ్మా. ఎవరైనా కోర్టుకు వెళ్తే అప్పుడు చూస్తారు” అన్నాడు. అయినా ఆమె తెర వెనక్కి వెళ్ళి, ముద్ర వేసి, మడిచి తెచ్చి ఇచ్చింది. కార్డు కవర్లో పెట్టుకుంది. నా పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. ఒంటిగంటా పది.

సాయంత్రం లెక్క తేలింది. మా వార్డు మెంబరు ముప్పై ఒక్క ఓట్ల తేడాతో గెలిచాడు. నా ఓటు ఉన్నా లేకపోయినా అంతే. ఆమెది పెట్టెలో పడినా అంతే.

ఆగస్టులో బియ్యం ఎప్పటిలాగే నా అరుగు మీద ఉన్నాయి. తూచాను, నాలుగు కిలోలు. నూకలు కూడా ఎప్పటిలాగే ఉన్నాయి. అరుగు మీద ఎవరూ లేరు.

ఇది 2019లో రాస్తున్నాను. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఎన్నికకూ ఆమె ఏడుకి ముందే వెళ్ళి వరుసలో మొదట నిలబడుతోంది. పంచాయతీకి మాత్రం మళ్ళీ ఓటు వేసే రోజు రాలేదు. నిరుడు రావలసినవి ఇంకా జరగలేదు.

పోయినవి: ఆమె ఓటు ఒకటి. నారు కట్ట ఒకటి, మర్నాటికి ఎండిపోయింది. ఆరేళ్ళ తర్వాత దొరికిన మాటలు, తొమ్మిదీ ఇరవై నుంచి ఒంటిగంటా పది దాకా, మూడు గంటల యాభై నిమిషాలు.