ఎవ్వరూ రాని ఒడ్డు

ఖాలిక్ అంత నోటిదురుసు మనిషిని నేను శామీర్‌పేటలో చూడలేదు. బర్రెలు కాసుకునే మనిషి, మా చెరువు పడమటి ఒడ్డున ఎవరు అడుగుపెట్టినా తిట్టి తరిమేవాడు.

"అరే, ఆడ పాములున్నయ్! నడువ్, జల్దీ నడువ్!"

పాములూ లేవు, పాడూ లేదు. ఉన్నది మొరం తవ్వి వదిలేసిన గుంత. పైకి మోకాటి లోతు నీళ్లే అనిపిస్తుంది, రెండో అడుగుకు మనిషి కనబడడు. పన్నెండేళ్ల కిందట ఖాలిక్ తమ్ముడు సర్ఫరాజ్ అందులోనే పోయాడు. ఖాలిక్ లెక్కలో, గుంత అంటే లోతు చూద్దామని దిగుతారట, పాములంటేనే వెనక్కి తిరుగుతారట. శుక్రవారం నమాజుకు పోయేటప్పుడు మాత్రం కట్ట మీద నా చాయ్ బండి దగ్గర ఆగి, "పరమేష్, జర జూస్తుండు" అనేవాడు.

పోయినేడు కట్ట మీద జనం, చెత్త ఎక్కువయ్యాయని చెరువు ఆఫీసువాళ్లు ఒక యాప్ తెచ్చారు. రద్దీ ఉన్నచోటు ఫోన్లో ఎర్రగా, ఖాళీ చోటు పచ్చగా కనిపిస్తుంది. జనం నాలుగు దిక్కులా సర్దుకుంటే చెరువు బతుకుతుందని వాళ్ల ఆలోచన. మంచిదే, కాదనను. సర్వేకు వచ్చిన వర్ష అనే అమ్మాయి ఖాలిక్‌ను "కాకా" అని పిలిచి, పడమటి ఒడ్డుకు ఎందరొస్తారని అడిగింది. అతన్ని ఎవరైనా మర్యాదగా ఏదైనా అడగడం అదే మొదలు. మహానుభావుడు పొంగిపోయాడు.

"ఒక్కలు గూడ రారు బిడ్డా! పన్నెండేండ్ల సంది రానియ్యలే."

ఎందుకని ఆమె అడగలేదు, ఇతను చెప్పలేదు. పక్కనే చాయ్ పోస్తూ నేను నవ్వాను, నా నోరు పడిపోను.

నెల తిరగకముందే ఆ ఒడ్డు ఫోన్లో పచ్చబడింది. ఖాలిక్ అరిస్తే, "అంకుల్, గిక్కడ మంచిగున్నదని చూపిస్తాంది" అని ఫోన్లు చూపించేవారు. పాములంటే నవ్వారు. గుంత అని మొత్తుకున్నా నవ్వారు. ఆ ఆఫీసుకే పోయి చెబితే, మారుస్తామని రాసుకున్నారు.

ఆ శుక్రవారం కూడా నాకు చెప్పే పోయాడు. బండి దగ్గర గిరాకీ ముసురుకుంది. నేను తలెత్తేసరికి పడమట కేకలు. సూరారం నుంచి వచ్చిన ఇషిత, ఇంటర్ చదివే పిల్ల, కాళ్లు తడుపుకుందామని దిగిందట.

మసీదు నుంచి ఉరికొచ్చి ఖాలిక్ అట్లాగే దూకాడు. బయటికి తెచ్చిందీ అతనే. పిల్లలో ప్రాణం లేదు.

తడి బట్టలతో ఒడ్డున కూలబడ్డాడు. "నేనే జెప్పిన పరమేష్. ఎవ్వరు రారని నేనే జెప్పిన."

ఎందుకు చూడలేదని నన్ను ఒక్క మాట అనలేదు. అంత నోరున్న మనిషి, నన్ను తిట్టనేలేదు.