నలభై ఒకటి, నలభై మూడు

మా బావ చేసే పని చెబితే ఒక పట్టాన ఎవరూ నమ్మరు. రాయిని వెలుతురు కనపడేంత పల్చగా అరగదీస్తాడు. కొండల మీంచి తెచ్చిన రాళ్ళు సంచుల్లో ఆయన గదికి వస్తాయి. రంపంతో చిన్న ముక్క కోసి, గాజుపలకకి అతికించి, గిర్రున తిరిగే ఇనుప పళ్ళెం మీద నీళ్ళూ గరుకుపొడీ వేసి, వేలికొసలతో నొక్కిపట్టి, వెంట్రుకలో సగం మందం కూడా మిగలకుండా అరగదీస్తాడు. ఆ పలకని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అదేం రాయో, ఎలా పుట్టిందో చదువుకున్నవాళ్ళు చెప్పేస్తారు. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే పని. వేలిముద్రలు అరిగిపోయి ఆఫీసులో హాజరు మిషను ఆయన్ని గుర్తుపట్టదు. ఆఫీసు మొత్తానికి ఆయన ఒక్కడే ఇంకా రిజిస్టర్లో సంతకం పెడతాడు.

నేను వ్యాను నడుపుతాను. వాళ్ళ ఆఫీసువాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నా నన్నే పిలుస్తారు. మొన్న ఇరవైమంది ఇంజనీర్లు వచ్చారు. సొరంగాలు, ఆనకట్టలు కట్టేవాళ్ళు. వాళ్ళని ఊరి పక్క కొండ ఎక్కిస్తూ, దారిపొడుగునా రాళ్ళ సంగతి చెప్పడానికి వాళ్ళ ఆఫీసు మేడం ఒప్పుకుంది. ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో రంగులు వేసి ఆ కొండ పటం గీసింది ఆవిడే. మా బావని కూడా రమ్మంది. ఇన్నేళ్ళు అరగదీసిన రాళ్ళు పుట్టినచోటు ఒక్కసారైనా చూడాలి కదా మేస్త్రిగారూ, అందిట.

ఇంకొకడైతే సంబరపడేవాడు. మా బావ వారం రోజులు కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాడు. మోకాలు నొప్పన్నాడు. రంపం బ్లేడు మార్చే పనుందన్నాడు. చివరికి మా అక్కకి ఒంట్లో బాగాలేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అక్క స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తోంది. ఆవిడ కిందికి ఒక్క చూపు చూసింది, అంతే, మర్నాడు పొద్దున్నే వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు.

దారంతా ఆయన మోకాలు ఊగుతూనే ఉంది. చొక్కా జేబు ఊరికే తడుముకుంటున్నాడు. ఏం పెట్టావు బావా అంటే రోడ్డు చూసి నడపరా అన్నాడు.

వ్యాను కింద పెట్టేసి నేనూ వాళ్ళ వెంట నడిచాను. మొదటి మజిలీలో మేడం ఒక బండ దగ్గర ఆగి, ఇది ఒకప్పుడు కరిగి పారిన రాయి అని చెప్పింది. ఇంజనీర్లు తలా ఒక సుత్తి తీసి టకటకా కొట్టారు. సుత్తి పడ్డప్పుడల్లా మా బావ ఉలిక్కిపడ్డాడు. తన రాళ్ళని కొడుతున్నారని బాధేమో అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

రెండో మజిలీ దాటాక నీళ్ళు తాగడానికి అందరూ కూర్చున్నారు. మా బావ నన్ను ఒక పక్కకి లాక్కుపోయాడు.

"మూడో మజిలీలో పరువు పోతుందిరా" అన్నాడు.

"ఎవరిది?"

"ఆవిడది. నా వల్ల."

అప్పుడు చెప్పాడు. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఈ కొండ రాళ్ళే, నలభై ఒకటో నంబరు, నలభై మూడో నంబరు. ఒకటి కరిగి గడ్డకట్టింది, రెండోది బురద అణిగి, వేడికి కాలి రాయైంది. పైకి రెండూ నలుపే. రెండూ అరగదీసి బల్ల మీద పెట్టాడు, గాజు మీద నంబర్లు చెక్కడమొక్కటే మిగిలింది. అంతలో అక్కకి నొప్పులొచ్చాయని కబురొచ్చింది. ఉన్నపళంగా పరిగెత్తాడు. రెండ్రోజులకి కూతురు పుట్టిన సంతోషంతో తిరిగొచ్చి గుర్తున్నట్టుగా నంబర్లు చెక్కేసి పంపేశాడు. నెల తర్వాత మిగిలిన రాతిముక్కలు సర్దుతుంటే తెలిసింది, ఒకదాని నంబరు ఒకదానికి పడిందని. అప్పటికి పటం అచ్చయిపోయింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఆ పటం ఆయన గదిలో గోడకి ఉంది. ఇన్నేళ్ళూ దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ రెండు రాళ్ళూ కలిసేచోట గీత ఆ పలకలు చూసే గీశారని, అది తన వల్ల తప్పు పడిందని ఆయన నమ్మకం. మూడో మజిలీ సరిగ్గా ఆ గీత మీదే. అక్కడ ఇరవై సుత్తులు పడితే, పటం తప్పని ఇరవైమందికీ తెలిసిపోతుంది.

"నోరు మూసుకో బావా" అన్నాను. "ఇరవై రెండేళ్ళు మూసినవాడివి, ఇంకో గంట మూస్తే ఏం పోదు." బంధువన్నవాడు ఇవ్వకూడని సలహా. ఇచ్చాను.

మూడో మజిలీ చేరాం. మేడం కర్రతో నేల మీద గీత గీసింది. ఇటు ఒక రాయి, అటు ఒక రాయి అని చెప్పబోతోంది. ఇంకా ఎవరూ సుత్తి ఎత్తనైనా లేదు. మా బావ జనాన్ని తోసుకుంటూ ముందుకి వెళ్ళాడు.

"మేడం, ఆ గీత తప్పు. నలభై ఒకటికీ నలభై మూడుకీ నంబర్లు మార్చి చెక్కాను. తప్పు నాది, మీది కాదు."

అందరూ ఆయన వంకే చూశారు. నాకు కొండ దిగి పారిపోదామనిపించింది. మేడం ఒక్క క్షణం ఆలోచించి, నవ్వేసింది. పటం అచ్చుకి తొందరపెడుతుంటే రాళ్ళని ఇక్కడే పగలగొట్టి చూసి గీసేశానని, పలకలు వచ్చేసరికి పని అయిపోయిందని, వాటిని పెట్టెలోంచి తియ్యనే లేదని చెప్పింది. గీత సరైనదే, మీరేం దిగులుపడకండి అంది. ఇంజనీర్లు కొట్టి చూశారు. సరిగ్గానే ఉంది. కొండని తవ్వి ఎలుకని పట్టారు మేస్త్రిగారు అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హమ్మయ్య అనిపించింది.

మా బావ నవ్వలేదు. దిగేటప్పుడు ఎవరి కోసమూ ఆగకుండా నడిచాడు. ఆయన్ని అందుకోలేక నాకు ఆయాసం వచ్చింది. గండం గట్టెక్కింది కదా, ఇంకెందుకు ఆ మొహం అని కసిరాను.

"చూడలేదట్రా" అన్నాడు. "తప్పు చేశానని భయపడ్డాను గానీ, అసలు చూడరేమోనని ఎప్పుడూ అనుకోలేదు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు.

కిందికొచ్చాక ఇంజనీర్లందరూ వ్యాను ఎక్కారు. ఇంజను స్టార్ట్ చేశాను. మేడం ఎక్కబోతుంటే మా బావ ఎదురుగా నిలబడి, జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. రెండు గాజుపలకలు. ఆ పెట్టెలోంచి తెచ్చి, పొద్దుటినుంచి గుండెల మీద మోసుకు తిరుగుతున్నాడు.

"ఒక్కసారి చూడండి" అన్నాడు.

లోపల ఎవరో ఆలస్యమవుతోందన్నారు. నేను ఇంజను ఆపేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను.

మేడం భూతద్దం తీసి, ఒక్కో పలకనీ ఎండకెత్తి చూసింది. ఊరికే చూడలేదు. మళ్ళీ మొదటిది తీసుకుని చూసింది.

"నలభై మూడని చెక్కినది నలభై ఒకటి" అంది. "ఇందులో సన్న సూదుల్లా గింజలు... ఇంత శుభ్రంగా నేనెక్కడా చూడలేదు. అప్పుడే చూడాల్సింది మేస్త్రిగారూ. ఇలా చూడనివి ఎన్ని ఉండిపోయాయో."

"నేను చేసినవి పదకొండు వేల నాలుగు వందలు" అన్నాడు మా బావ. "చూసినవెన్నో మీకే తెలియాలి."

అన్నీ చూస్తానని ఆవిడ అనలేదు. అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఆ రెంటినీ రుమాల్లో చుట్టి, సంచిలో వెయ్యకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇంటిదాకా మా బావ మోకాలు ఊగుతూనే ఉంది. మలుపు తిరిగినప్పుడల్లా వెనక్కి తిరిగి ఆ రుమాలు వంక చూశాడు. నేను గుంతల దగ్గర వ్యాను మెల్లగా పోనిచ్చాను.